తెర వైపు చూడని మనిషి

మిషనమ్మ టైపు చేసేటప్పుడు మీటల వైపు చూడదు. కంప్యూటరు తెర వైపూ చూడదు. వాంగ్మూలం ఇస్తున్న మనిషి నోటి వైపు చూస్తుంది. మాట పెదవి దాటీ దాటగానే ఆమె వేళ్లు అందుకుంటాయి. అందుకే ఆ పేరు. ఎదురుగానే అలా పిలిచినా ఆమె ఏమీ అనుకోదు. పనిలో ప్రమాదాలు జరిగిన వాళ్ల మాటలు రాసుకునే ఆ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఆ కుర్చీ ఆమెది. ఆమె కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయి, మీటలన్నీ నున్నగా, నల్లగా మెరుస్తుంటాయి.

శనివారం సాయంత్రం ఆ కుర్చీలో కొత్తపిల్ల కూర్చుంది. తన కంప్యూటరు పెట్టె బాగు చేయించడానికి తీసుకెళ్లి నాలుగు రోజులైంది. ఉద్యోగం ఇంకో ఆరు నెలలు పొడిగించమన్న దరఖాస్తు సోమవారం పొద్దున్నకి సూపరింటెండెంటు బల్ల మీద ఉండాలి. మిషనమ్మ ఐదింటికే వెళ్లిపోయింది. కుర్చీ మీదున్న మెత్త వేసుకుంటే కొత్తపిల్ల మోకాళ్లు బల్లకి తగులుతున్నాయి. మెత్త తీసి కిటికీ గూట్లో పెట్టింది.

మొదటి మాట కొట్టేసరికి తెర మీద ఇంకేదో వచ్చింది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలో చెప్పే అమరిక ఆ కంప్యూటర్లో పాత టైపుమిషనుది. కొత్తపిల్లకి వచ్చింది బళ్లో నేర్పిన కొత్త అమరిక. వాళ్ల ఊరి బళ్లో నలభై మందికి ఆరు కంప్యూటర్లుండేవి. వంతు రాని వాళ్లు గోడ మీది మీటల పటం చూస్తూ ఒళ్లో పెట్టుకున్న పలక మీద వేళ్లు ఆడించేవాళ్లు. ఆ పటం ఆమెకి కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది.

సెట్టింగుల్లోకి వెళ్లి అమరిక మార్చింది. కొత్త కాగితం తెరిస్తే మళ్లీ పాతదే వచ్చింది. రెండుసార్లు మార్చి, విసుగొచ్చి, ఎప్పటికీ ఇదే ఉండాలన్న చోట టిక్కు పెట్టింది. తెర మూలన భాష పేరు ఎలా ఉన్నది అలాగే ఉంది. పైకి చూస్తే ఏమీ మారనట్టే.

"ఏమ్మా కొత్తపిల్లా, ఆఫీసుకి కాపలా నువ్వుంటావా, నన్నుండమంటావా?" అటెండరు గుమ్మంలో తాళాలగుత్తి ఆడించాడు.

"అయిపోయింది బాబాయ్. ఒక్క నిమిషం."

"ఆ నిమిషం పావుగంట నుంచీ అవుతూనే ఉంది. మీ పిన్ని నాకోసం గుమ్మంలో నిలబడి ఉంటుంది. ప్రేమతో కాదు, చీపురుతో."

కొత్తపిల్ల నవ్వుతూ కాగితం అచ్చు తీసుకుంది. కంప్యూటరు ఆపేసి, సంచీ భుజాన వేసుకుని, ఆయన వెనకే మెట్లు దిగింది. మెత్త కిటికీ గూట్లోనే ఉండిపోయింది.

సోమవారం పదింటికి మిషనమ్మ వచ్చి కుర్చీ వంక చూసింది. గది చుట్టూ చూసి, కిటికీ దగ్గరికెళ్లి మెత్త తెచ్చుకుంది. "గాలి పీల్చుకోవడానికి వెళ్లిందా ఇది?" అని ఎవరితోనూ కానట్టు అంది. మెత్తని రెండు చేతుల మధ్య దులిపి కుర్చీలో సర్ది కూర్చుంది. బీరువా దగ్గర ఫైళ్లకి పేజీ నంబర్లు వేస్తున్న కొత్తపిల్ల తల దించుకుంది. అప్పటికి ఆమెకి గుర్తొచ్చింది మెత్త ఒక్కటే.

ఆ రోజు వాంగ్మూలం బిస్కెట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడది. ఆఫీసులో ఆవిడని వేళ్ల కేసు అంటారు. అక్కడ ఎవరికీ పేరుండదు. కన్ను కేసు, మెట్ల కేసు, యాసిడ్ కేసు. ఆవిడ కుడిచేతికి పైట కొంగు చుట్టుకుని వచ్చింది. ఫ్యాక్టరీ తరఫు మనిషి ఇంకా రాలేదు. వాంగ్మూలం తీసుకునే ఆఫీసరు గడియారం చూసుకుని, "ఇక ఆగలేం. చెప్పమ్మా. తొందర లేదు, జరిగింది జరిగినట్టు చెప్పు" అన్నాడు.

ఆవిడ చాలాసేపు నేల చూస్తూ కూర్చుంది. తర్వాత తలెత్తితే ఎదురుగా మిషనమ్మ ముఖం కనపడింది. చేతులు మీటల మీద పెట్టుకుని, నీ మాట ఎంతసేపటికి వచ్చినా ఫరవాలేదన్నట్టు చూస్తోంది. ఆవిడ ఆ ముఖానికే చెప్పడం మొదలుపెట్టింది.

పిండిని పలచగా నొక్కే రోలర్ల దగ్గర ఆవిడ పని. రోలర్ల మీద ఇనపజల్లెడలాంటి మూత ఉండేది. మూత ఉంటే మధ్యమధ్యలో ఆపి పిండి సర్దాలి, పని నెమ్మదిస్తుంది. ప్రమాదానికి మూడు రోజుల ముందు సూపర్‌వైజరు ఆ మూత విప్పించి గోడకి ఆనించాడు. "వద్దు బాబూ, భయంగా ఉందంటే, నీ చెయ్యేమన్నా బంగారమా అన్నాడు" అంది ఆవిడ. "అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." ఆ తర్వాత జరిగింది చెప్పేటప్పుడు కొంగు విప్పి చెయ్యి ఎత్తి చూపించింది. మధ్య వేలు, ఉంగరం వేలు లేవు. మిషనమ్మ పది వేళ్లు ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలాయి.

నలభై నిమిషాలు పట్టింది. ఆవిడ ఆగితే మీటల చప్పుడూ ఆగింది. ఆవిడ కళ్లు తుడుచుకుంటే మిషనమ్మ మంచినీళ్ల గ్లాసు ముందుకి జరిపింది. ఆఫీసరు మధ్యలో రెండు మూడు ఫైళ్ల మీద సంతకాలు పెట్టుకున్నాడు. చివరిమాట అయ్యాక మిషనమ్మ అచ్చుకి పంపే మీటలు నొక్కి, కుర్చీలో వెనక్కి వాలి, వేళ్లు ఒకటొకటిగా విరుచుకుంది.

పక్కగదిలో ఉన్న ప్రింటరు నుంచి అటెండరు రెండు కాగితాలు తెచ్చాడు. నడుస్తూనే వాటి వంక చూసి నిలబడిపోయాడు.

"ఇదే భాషండీ బాబూ? పై లోకం వాళ్లకా ఈ ఉత్తరం?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆఫీసరు కాగితం అందుకున్నాడు. కొత్తపిల్లకి బీరువా దగ్గరనుంచే కనపడింది. చుక్కల సున్నాలు. వాటి నెత్తిన గుడులు, పక్కన కొమ్ములు, కింద వేలాడే ఒత్తులు. మధ్యలో ఒకదానితో ఒకటి పొసగని అక్షరాలు. పై అంచు నుంచి కింది అంచు దాకా, రెండు పేజీలు.

ఆమె చేతిలో పెన్సిలు ఆగిపోయింది. శనివారం పెట్టిన టిక్కు కళ్ల ముందు కదిలింది.

"కళ్లు పోయాయా?" సూపరింటెండెంటు తన బల్ల దగ్గరనుంచి లేచి వచ్చాడు. "ఎదురుగా అంత తెర పెట్టుకుని ఒక్కసారైనా చూడరా? నలభై నిమిషాలు ఆవిడ ఏడుస్తూ చెప్పింది. ఆఫీసరు గారి టైం. అంతా బూడిదపాలు!"

మిషనమ్మ అప్పుడు తెర వైపు తిరిగింది. ముఖంలో ఏ మార్పూ లేదు. తన పేరులో మొదటి అక్షరం కొట్టింది. ఇంకేదో వచ్చింది. మళ్లీ కొట్టింది. తర్వాత చేతులు రెండూ మీటల మీదనుంచి తీసి, తడి చేతుల్లా కాస్త దూరంగా పట్టుకుంది.

"నేను సరిగ్గానే కొట్టానండీ" అంది.

"అవునవును. మీరు సరిగ్గానే కొట్టారు, కాగితమే తప్పుగా చదువుకుంది."

ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది. గుమ్మంలో అప్పుడే అడుగుపెట్టిన ఫ్యాక్టరీ మనిషి కూడా, సంగతేమిటో తెలియకుండానే నవ్వాడు. బిస్కెట్ ఫ్యాక్టరీ ఆవిడ ఒక్కర్తే నవ్వలేదు. చెయ్యి మళ్లీ కొంగులో చుట్టుకుంటూ, "అంటే... మళ్లీ చెప్పాలా?" అని అడిగింది.

కొత్తపిల్ల నోరు తెరిచింది. గోడ మీద, సరిగ్గా సూపరింటెండెంటు తల పైన, ఆయనే అంటించిన కాగితం ఉంది: ఎవరి సీటు యంత్రానికి వారే బాధ్యులు, ఇతరుల యంత్రాలను తాకరాదు. ఆయన బల్ల మీద ట్రేలో, అన్నిటికంటే పైన, తన దరఖాస్తు ఉంది. ఆమె నోరు మూసుకుంది. ఇప్పుడు కాదు, ఈ గొడవ చల్లారాక చెబుదాం అనుకుంది. అలా అనుకున్న క్షణంలోనే, చెప్పనని ఆమెకి తెలిసిపోయింది.

మధ్యాహ్నం సూపరింటెండెంటు పిలిచాడు. "నువ్వెళ్లి ఆ సీట్లో కూర్చో. ఒక మెమో కొట్టాలి."

మిషనమ్మ కుర్చీలో మెత్త లేదు. వెంట తీసుకెళ్లినట్టుంది. కొత్తపిల్ల కూర్చుంది. ఆయన వెనకాల నిలబడి చెబుతుంటే కొట్టింది. వయసు మీద పడటం వల్ల చూపు, చురుకుదనం తగ్గి, విధి నిర్వహణలో తీవ్రమైన నిర్లక్ష్యం కనబరిచినందున, వాంగ్మూలాల పని నుంచి ఎందుకు శాశ్వతంగా తప్పించకూడదో ఏడు రోజుల్లోగా తెలియజేయవలెను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. బళ్లో గోడ మీది పటం ఆమె వేళ్ల కింద పరుచుకుని ఉంది.

ఆయన వంగి తెర చూశాడు. "చూశారా! యంత్రానికేం రోగం లేదు. ఈ అమ్మాయి కొడితే శుభ్రంగా వస్తోంది. ఇంకా ఏం రుజువు కావాలి?"

అవతల గోడ దగ్గర నిలబడి ఉన్న మిషనమ్మ ఆ మాట విని కొత్తపిల్ల వేళ్ల వంక చూసింది. వేళ్లకేసే చూసింది, ముఖంకేసి కాదు. మెమో అందుకుని, సంతకం పెట్టి, మెత్త చంకలో పెట్టుకుని, అప్పటిదాకా పని చేయమన్న రికార్డు గదిలోకి వెళ్లిపోయింది.

మంగళవారం బిస్కెట్ ఫ్యాక్టరీ ఆవిడ మళ్లీ వచ్చింది. ఈసారి ఫ్యాక్టరీ మనిషి ముందే వచ్చాడు. వరండాలో బల్ల మీద ఆవిడ పక్కనే కూర్చుని ఏదో చెబుతున్నాడు. కొత్తపిల్ల నీళ్లకి వెళుతూ ఒక ముక్క విన్నది. "మీ చెల్లెలు ప్యాకింగులోనే కదమ్మా ఉంది? మంచి పిల్ల. బాగా పనిచేస్తుంది." మాట మెత్తగానే ఉంది.

లోపల ఆవిడ ఎదురుగా ఉన్న ముఖం వెతుక్కుంది. కొత్తపిల్ల తెర వంక చూస్తోంది. ఆవిడ బల్ల వంక చూసి చెప్పింది. రోలర్ల దగ్గర పని చేస్తున్నాను. చెయ్యి లోపలికి పోయింది. ఎవరో స్విచ్చి ఆపారు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. అంతే.

ఆఫీసరు నుదురు రుద్దుకున్నాడు. "నిన్న ఇంకేదో చెప్పినట్టున్నావమ్మా. మూత సంగతి?"

ఆవిడ ఫ్యాక్టరీ మనిషి బూట్ల వంక చూసింది. "గుర్తు లేదయ్యా."

"కాగితం మీద ఉంటే తప్ప నేనేం చేయలేను. ఆలోచించుకుని చెప్పు."

"లేదయ్యా. అంతే."

మూత గోడకి ఆనించి ఉండటం, నీ చెయ్యేమన్నా బంగారమా అనడం, అందరూ నవ్వడం, తనూ నవ్వడం కొత్తపిల్లకి మాట మాటా గుర్తున్నాయి. గదిలో ఆ మూత అందరి మధ్యా నిలబడి ఉన్నట్టనిపించింది. వాంగ్మూలం అరపేజీ కూడా రాలేదు. అచ్చు తీసి ముందు పెడితే ఆవిడ ఎడమచేత్తో సంతకం పెట్టింది. ఆ చెయ్యి ఇంకా నేర్చుకుంటోంది. అక్షరాలు ఒకటోక్లాసు పిల్లవాడివిలా ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క కూరలు తరుగుతూ, "మొహం అలా పెట్టావేం? ఆర్నెల్లు పొడిగిస్తారన్నారుగా?" అంది.

"సంతకం ఇంకా అవలేదు."

"అవుతుందిలే" అన్నాడు బావ, చొక్కాకి బొత్తాం కుట్టుకుంటూ. "పెద్దావిడని లేపి ఆ కుర్చీలో కూర్చోబెట్టారంటగా. వచ్చి ఎనిమిది నెలలు కాలేదు, సీటు కొట్టేసింది. మా మరదలు సామాన్యురాలు కాదే!"

"నేనేం కొట్టేయలేదు బావా."

"అబ్బ, సరసానికన్నాను. దానికే కళ్లనీళ్లా?"

అక్క కత్తిపీట పక్కకి పెట్టి చెల్లెలి వంక చూసింది. ఏమైందని అడగలేదు. అడిగితే బాగుండునని, అడగకపోతేనే బాగుంటుందని, రెండూ ఒకేసారి అనిపించి కొత్తపిల్ల లేచి దొడ్లోకి వెళ్లి ఆరిన బట్టలు మడతపెట్టింది. మడతపెట్టినవే విప్పి మళ్లీ మడతపెట్టింది.

బుధవారం వాంగ్మూలాలు లేవు. అమరిక వెనక్కి మార్చేద్దామా అని ఆమె సెట్టింగులు తెరిచింది. మారిస్తే తను కొట్టలేదు. తను కొట్టలేకపోతే ఎందుకని అడుగుతారు. మూసేసింది. భోజనాల వేళ అటెండరు తన డబ్బా తెరుస్తూ అన్నాడు.

"మిషనమ్మ తిండి మానేసి రికార్డు రూములో ఏదో రాసుకుంటోంది. దగ్గరికెళితే చెయ్యి అడ్డం పెట్టేసింది, పరీక్షలో పిల్లల్లాగా. మధ్యమధ్యలో ఉత్త బల్ల మీద టైపు కొడుతోందమ్మా. నాకు భయమేసింది. మనిషికి ఏమన్నా..." అంటూ చూపుడు వేలు కణత దగ్గర తిప్పాడు.

"అలా అనకు బాబాయ్."

"నేనెందుకంటాను. ఎవరో ఆవిడ కడుపు మీద కొట్టారు. యంత్రం అలా ఊరికే పాడవుతుందా, ఊరికే బాగవుతుందా? నాకు చదువు లేదు గానీ ఆమాత్రం తెలుసు." ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కొత్తపిల్ల తన డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

గురువారం పదకొండింటికి బిస్కెట్ ఫ్యాక్టరీ ఆవిడ నకలు కోసం వచ్చింది. కొత్తపిల్ల ఇచ్చిన అరపేజీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వెనకవైపు ఖాళీగా ఉంది.

"ఇంతేనా?"

"మీరు మంగళవారం చెప్పింది ఇంతేనండీ."

"మొదట చెప్పింది?" ఆవిడ గొంతు తగ్గించింది. "ఆ పెద్దావిడకి చెప్పింది. అది పోయినట్టేనా?"

కొత్తపిల్ల బల్ల మీది కాగితాలు సర్దింది.

"రెండోసారి నోరు రాలేదమ్మా. చెల్లెలు కళ్ల ముందు ఆడింది. మొదటిది కాగితం మీద ఉండుంటే, అవును, చెప్పాను, అది నా మాటే అని ఉండేదాన్ని. ఒకసారి నోరు దాటిందాన్ని కాదనే మనిషిని కాను. మళ్లీ నోట్లోంచి తియ్యాలంటేనే భయం." నకలు నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. "పోయిందంటావు, అంతేగా?"

"పోయిందండీ" అంది కొత్తపిల్ల.

ఆవిడ తల ఊపి మెట్ల వైపు నడిచింది. ఎనిమిది మెట్లు. కొత్తపిల్ల ఆవిడ చెప్పుల చప్పుడు లెక్కపెట్టుకుంది. ఎనిమిదో మెట్టు అయ్యాక లేచి రికార్డు గదిలోకి వెళ్లింది.

ఆ గదికి ఒకటే కిటికీ. అరల నిండా ఎర్రటి గుడ్డల్లో కట్టిన కట్టలు. మిషనమ్మ మెత్త మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని పెన్సిల్తో రాస్తోంది. జుట్టు మీద దుమ్ము. ఎవరో వచ్చారని అట్ట మీద చెయ్యి అడ్డం పెట్టింది. వచ్చిందెవరో చూసి తీసేసింది.

"అమ్మా, శనివారం నేను..."

"ముందు కూర్చో. ఆ కట్ట మీద కూర్చోవచ్చు, అది పాతదే, దానికి నొప్పి తెలీదు."

కొత్తపిల్ల కూర్చోలేదు. "శనివారం సాయంత్రం మీ కంప్యూటర్లో నా దరఖాస్తు కొట్టుకున్నాను. కీబోర్డు అమరిక మార్చాను. తిరిగి మార్చడం మర్చిపోయాను. సోమవారం ఆ కాగితం చూడగానే నాకు తెలిసింది. చెప్పలేదు."

"తెలుసు పిల్లా."

"ఎలా తెలుసు?"

"నా మెత్త దానంతటది కిటికీ ఎక్కదు కదా. ఆ కుర్చీలో మెత్త అడ్డమొచ్చేంత పొడుగు మనిషివి ఆఫీసులో నువ్వొక్కదానివే." ఆమె పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. "ఏం చేశావో తెలియలేదు, నువ్వేనని తెలిసింది. నువ్వు మెమో కొడుతుంటే నీ వేళ్లు చూశాను. నేను ఏ అక్షరానికి ఎటు వెళతానో నువ్వు అటు వెళ్లడం లేదు. అప్పుడు ఏం చేశావో కూడా తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు లేదంటే? అందరి ముందూ లేదని ఒట్టేస్తే? నన్ను ముసలిదన్నారు, అది ఎలాగో మింగాను. నువ్వు నా ఎదురుగా అబద్ధమాడితే అది మింగలేను. నువ్వే వస్తావని చూశాను." ఆమె ఒళ్లోని అట్ట సర్దుకుంది. "నాలుగు రోజులు పట్టింది."

ఆ మాటలో కోపం లేదు. కొత్తపిల్ల కోపం కోసం చూసింది, దొరకలేదు.

మిషనమ్మ అట్ట ఇటు తిప్పింది. సోమవారం నాటి రెండు కాగితాలూ దాని మీద ఉన్నాయి. నవ్వులయ్యాక ఎవరూ పట్టించుకోక బల్ల కింద పడితే తెచ్చుకుంది. ప్రతి వరుస కింద పెన్సిల్తో చిన్న చిన్న అక్షరాలు. పక్కన మనవరాలి బడిపుస్తకం, దాని వెనక అట్ట మీద కొత్త అమరిక పటం, కొత్తపిల్ల బళ్లో గోడ మీద చూసిందే.

"ఇక్కడ ఏ అక్షరం పడిందో చూస్తే నా వేలు ఏ మీట మీద పడిందో ఈ పటం చెబుతుంది. ఆ మీటకి నా పాత అమరికలో ఏ అక్షరమో రాసుకుంటూ పోవడమే. కానీ అది నాకు నోటితో చెప్పడం రాదే! ఏ అక్షరం ఎక్కడుందంటే ఏం చెబుతాను? బల్ల మీద కొట్టి చూసుకున్నాను. వేలికి తెలుసు, నాకు తెలీదు. మొదటి రోజు నాలుగు వరుసలే తేలాయి. ఇప్పుడు రెండో పేజీ చివరికొచ్చాను."

కొత్తపిల్ల వంగి చదివింది. రోలర్ల మీద ఇనపజల్లెడలాంటి మూత ఉండేది. ప్రమాదానికి మూడు రోజుల ముందు సూపర్‌వైజరు దాన్ని విప్పించి గోడకి ఆనించాడు. వద్దు బాబూ, భయంగా ఉంది అంటే, నీ చెయ్యేమన్నా బంగారమా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మొత్తం ఉంది" అంది.

"రెండు పేజీల్లో ఒకటే తప్పు." మిషనమ్మ ఒకచోట వేలు పెట్టింది. "ఇక్కడ ఆవిడ చెయ్యి ఎత్తి చూపించింది. నా వేలు ఒక మీట మీద రెండుసార్లు పడింది."

బయట అటెండరు ఎవరితోనో నవ్వుతున్నాడు. మిషనమ్మ కాగితాలు సర్దింది.

"ఇది తీసుకెళ్లి ఆఫీసరు గారికిస్తే, ముసలమ్మ ఇంట్లో కూర్చుని కథ అల్లుకొచ్చిందంటారు. ఆ అక్షరాలు ఎందుకు అలా పడ్డాయో చెప్పే మనిషి కావాలి. చెబితే ఇది వాంగ్మూలం. చెప్పకపోతే చిత్తుకాగితం. నేను బలవంతపెట్టను. నీ దరఖాస్తు మీద సంతకం రేపు అవుతుందట, అది కూడా విన్నాను."

కొత్తపిల్ల ఆ కాగితాలు రెండు చేతులతో పట్టుకుంది. ముందు వరండాలోకి పరిగెత్తి, మెట్లు దిగి, వీధి మలుపులో బస్సు కోసం నిలబడి ఉన్న బిస్కెట్ ఫ్యాక్టరీ ఆవిడని అందుకుంది. "పోలేదండీ" అంది రొప్పుతూ. "మీరు మొదట చెప్పింది పోలేదు. రేపు రండి." తర్వాత వెనక్కి వచ్చి ఆఫీసరు గదిలోకి నడిచింది.

ఆఫీసరు అంతా విని, కాగితాలు పటంతో పోల్చి చూశాడు. మిషనమ్మ విప్పినవాటిలోంచి ఏ మీటకి ఏ అక్షరమో పట్టుకుని ఒక వరుస తనే విప్పాడు. రెండో వరుస కూడా విప్పాడు. కాగితాలు జాగ్రత్తగా పక్కన పెట్టాడు. చివరికి, "నోటిమాట పనికిరాదు. ముందు నీ వాంగ్మూలం రికార్డు కావాలి. ఆ తర్వాత ఆవిడకి ఇది చదివి వినిపించి, తనదేనా అని అడుగుతాను" అన్నాడు. సూపరింటెండెంటుని పిలిచి, "రేపు టైపు ఎవరు చేస్తారు?" అని అడిగాడు. ఆయన కొత్తపిల్ల వంక చూసి, తన బల్ల వంక చూసి, "ఆవిడనే పిలుస్తానండి" అన్నాడు.

శుక్రవారం పదిన్నరకి మిషనమ్మ మెత్త తెచ్చి కుర్చీలో సర్దుకుంది. మీటల మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"అమరిక ఎక్కడ మార్చాలో నాకు తెలీదు" అంది. "నువ్వే మార్చు."

అందరూ చూస్తుండగా కొత్తపిల్ల ఆమె భుజం మీదుగా వంగి సెట్టింగులు తెరిచింది. పాత టైపుమిషను అమరిక పెట్టింది. తను పెట్టిన టిక్కు తీసింది. అదంతా ఒక్క నిమిషం పని. వెళ్లి వాంగ్మూలం ఇచ్చేవాళ్ల కుర్చీలో కూర్చుంది. ఎనిమిది నెలల్లో ఎప్పుడూ ఆ కుర్చీలో కూర్చోలేదు. కుర్చీ కాళ్లు ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో ఉన్నట్టున్నాయి, కాస్త కదిలితే ఊగుతోంది. గుమ్మం అవతల బల్ల మీద బిస్కెట్ ఫ్యాక్టరీ ఆవిడ కూర్చుని ఉంది. చెయ్యి కొంగులో లేదు, ఒళ్లో పెట్టుకుంది. ఫ్యాక్టరీ మనిషి గోడ దగ్గర నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. సూపరింటెండెంటు ట్రేలోంచి కొత్తపిల్ల దరఖాస్తు తీసి, చదివి, బోర్లించి పెట్టాడు.

"చెప్పమ్మా" అన్నాడు ఆఫీసరు. "తొందర లేదు. జరిగింది జరిగినట్టు చెప్పు."

కొత్తపిల్ల తలెత్తింది. మిషనమ్మ ముఖం ఎదురుగా ఉంది. చేతులు మీటల మీద పెట్టుకుని, ఆమె నోటి వైపే చూస్తోంది. అందరి వైపూ ఎలా చూసేదో అలాగే.

"శనివారం సాయంత్రం, ఈమె లేని సమయంలో, ఈమె కంప్యూటరు ముందు నేను కూర్చున్నాను" అంది కొత్తపిల్ల.

మాట పెదవి దాటగానే వేళ్లు అందుకున్నాయి. వాక్యం పూర్తయింది. మీటల చప్పుడు ఆగింది. అప్పుడు మిషనమ్మ మెడ తిప్పి తెర వైపు చూసింది. కొట్టింది కొట్టినట్టే ఉందో లేదో మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది. తర్వాత మళ్లీ కొత్తపిల్ల నోటి వైపు తిరిగింది.

"ఊఁ" అంది.

"తాకకూడదని తెలుసు. తెలిసే తాకాను."

వేళ్లు కదిలాయి. ఆగాయి. మెడ మళ్లీ తెర వైపు తిరిగింది.

గదిలో మిగిలినవాళ్లెవరూ అది గమనించలేదు. కొత్తపిల్ల ప్రతి వాక్యం దగ్గరా, ఆమె చూసుకుని తన వైపు తిరిగేదాకా ఆగి, తర్వాతి వాక్యం చెప్పింది.